బొమ్మ గీసినవాళ్లే కూర్చుని అమ్ముకునే చోటు గుణుపురంలో కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నాది ఒడిశాలోని గుణుపురంలో ఫోటో ఫ్రేముల షాపు. ముప్పై ఏళ్లు దాటింది. రాయగడ, గజపతి జిల్లాల్లో మాలాంటి తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో, అందులో షాపులు పెట్టుకున్నవాళ్లు ఎందరో మీకు తెలియనిది కాదు. ఈ ఉత్తరం ఒడియా పేపరుకి కాకుండా మీకు రాయడానికి కారణం అదే, నేను చెప్పేది ముందు వినాల్సింది మన షాపులవాళ్లే.

ఈమధ్య మీ జిల్లా పేజీలో సవర ఆదివాసీల బొమ్మలకు జిఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని, ఇక వాళ్ల దశ తిరిగినట్టేనని రాశారు. గుర్తింపు వచ్చిన మాట నిజం. 2024 జనవరిలో లాంజియా సవర (సవరల్లో ఒక శాఖ) చిత్రకళకు వచ్చింది, దాంతోపాటే మన జిల్లాలో నియమగిరి కొండల మీద డోంగ్రియా కోందు తెగ ఆడపిల్లలు కుట్టే కపడాగండా శాలువాకీ వచ్చింది. సంతోషమే. కానీ దశ తిరిగిందన్న మాట నాకు మింగుడు పడలేదు. ఎందుకో నా షాపులో జరిగిందే చెబుతాను.

వానలు మొదలవడానికి ముందు ఒక డెకరేషన్ కాంట్రాక్టరు నలభై ప్రింట్లు తెచ్చి ఫ్రేములు కట్టమన్నాడు. కాన్వాసు మీద కంప్యూటర్ ప్రింటు, వెనక ఎర్రమట్టి రంగు, మీద తెల్ల గీతలతో మనుషులు, చెట్లు, ఏనుగులు. ఏదో హోటలు గదుల్లో పెట్టడానికట. మూలన 'ట్రైబల్ ఆర్ట్' అని ఇంగ్లీషులో ఉంది, గీసినవాళ్ల పేరు లేదు. పెద్ద ఆర్డరు, అడ్వాన్సు కూడా ఇచ్చాడు, నేనేమీ అడగకుండా కట్టేశాను. కట్టినవి గోడకు ఆనించి పెట్టిన రోజే పుట్టాసింగి వైపు నుంచి నాకు బాగా తెలిసిన సవర కుర్రాడు ఒకడు టస్సరు గుడ్డ మీద తను వేసిన బొమ్మ ఫ్రేముకి ఇద్దామని వచ్చాడు. వాటిని చూసి కింద కూర్చుండిపోయాడు. చాలాసేపటికి వేలితో అంచు తడిమి, "బాబూ, ఈ అంచు మా పెదనాన్న వేసేది. ఈ చెట్టు మీద కోతులూ ఆయనవే. ఎవరో వచ్చి మా ఇంటి గోడ ఫోటో తీసుకెళ్లారు, మేమే తియ్యనిచ్చాం" అన్నాడు. ఒక్కోటి ఎంతకి పోతుందని అడిగాడు. చెప్పాను. వాడు పదిహేను రోజులు కూర్చుని చేత్తో వేసిన గుడ్డకి దళారి ఇచ్చే డబ్బు కన్నా అది ఎక్కువ.

కాంట్రాక్టరుదే తప్పని నేను అనలేను, మేకులు కొట్టింది నేను.

ఈ బొమ్మలు చూసి చాలామంది వార్లీ అనుకుంటారు, నా షాపుకొచ్చి కూడా 'వార్లీ బొమ్మ ఉందాండీ' అనే అడుగుతారు. వార్లీ మహారాష్ట్రది. అందులో మనిషి ఒళ్లు రెండు త్రిభుజాలు మొనకి మొన కలిపినట్టు కోసుగా ఉంటుంది. సవర బొమ్మలో మనిషి అంత కోసుగా ఉండడు, సన్నగా పొడుగ్గా సాగి ఉంటాడు, పైగా వీళ్లు ముందు అంచు గీసుకుని అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. వాళ్ల భాషలో దీన్ని ఇడితాల్ అంటారు. ఇంట్లో జబ్బు చేసినా, పెద్దలు పోయినా, పంట బాగా రావాలన్నా, ఏ దేవతకి ఏ పితరుడికి ఏం కావాలో పూజారి అడిగి తెలుసుకుని గోడ మీద గీయిస్తారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి కలిపిన నీళ్లతో, వెదురు పుల్ల కొస నలిపి కుంచెలా చేసుకుని వేస్తారు. ఆ బొమ్మ ఆ దేవతకి కట్టి ఇచ్చిన ఇల్లు. అందులో ఏనుగులూ నెమళ్లూ ఉంటాయి, సైకిళ్లూ విమానాలూ కూడా ఉంటాయి. అలాంటిదాన్ని హోటలు బాత్రూము పక్కన తగిలించడానికి నేను ఫ్రేము కట్టాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో అల్బుకర్కీ అనే ఊళ్లో ఉంటారు. కిందటేడాది నేనూ మా ఆవిడా వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చాం. అక్కడి ఆదివాసీల్లో కొందరిని, వాళ్ల ఊళ్లనీ ప్యూబ్లోలు అంటారు. ఆ మాటకి స్పానిష్‌లో ఊరు అని అర్థం, స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లు ఆ మట్టి మేడల ఊళ్లు చూసి పెట్టిన పేరు. న్యూమెక్సికోలో అలాంటి ఊళ్లు 19 ఉన్నాయి. ఒక్కో ఊరికీ సొంత గవర్నరు, సొంత పెద్దల సభ ఉంటాయి. భాష కూడా అందరిదీ ఒకటి కాదు, కేరెస్, టేవా, టీవా, టోవా, జూనీ అని ఐదు భాషలు.

అల్లుడు ఒకరోజు శాంటా ఫే తీసుకెళ్లాడు. అక్కడ 1610 నాటి గవర్నర్ల బంగళా ఉంది, ఇప్పుడది మ్యూజియం. దాని ముందు పొడుగాటి వసారా. ఆ వసారాలో గోడకి ఆనుకుని వరసగా దుప్పట్లు పరుచుకుని, వెండి నగలూ పూసల దండలూ కుండలూ పెట్టుకుని ప్యూబ్లోలవాళ్లు, నవాహో లాంటి ఇంకొన్ని తెగలవాళ్లు కూర్చుంటారు. మన సంతలాగే ఉంటుంది చూడ్డానికి. పొద్దున్నే చీటీలు తీసి ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకుంటారు. అక్కడ పెట్టే ప్రతి వస్తువూ ఆ కూర్చున్నవాళ్లో వాళ్ల ఇంటివాళ్లో చేసిందే అయి ఉండాలి, దాని మీద చేసినవాళ్ల గుర్తు ఉండాలి, బయట కొనుక్కొచ్చి అమ్మడానికి వీల్లేదు. ఇవి పాటిస్తున్నారో లేదో చూసేది వాళ్లలోంచే ఏర్పడిన కమిటీ.

మా ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఒక ముసలావిడ దగ్గర కూర్చుని చేతులతో సైగలు చేసుకుంటూ గంటసేపు మాట్లాడుకున్నారు, మా అమ్మాయి మధ్యలో మాట కలిపింది. ఆ ముసలావిడ మట్టి తవ్వే ముందు మట్టితల్లిని అడిగి తవ్వుకుంటామని చెప్పింది. సారె మీద చెయ్యరు, మట్టిని తాడులా చేసి చుట్టలు చుట్టుకుంటూ కుండ లేపుతారు. చిన్న కుండ ఒకటి కొన్నాం, అడుగున ఆవిడ పేరు చెక్కి ఉంది. ఇప్పుడు నా షాపులో గల్లా పక్కన పెట్టాను.

ఆ పేరు చెక్కడం వెనక ఒక కథ ఉంది, అది తెలుసుకున్నాకే నాకు ఈ ఉత్తరం రాయాలనిపించింది. శాన్ ఇల్డెఫాన్సో అనే ప్యూబ్లోలో మరియా మార్టినెజ్ అని ఒకావిడ ఉండేది, 1887లో పుట్టి 1980లో పోయింది. ఆవిడ వయసులో ఉన్నప్పటికి రైల్లో వచ్చిన సత్తు గిన్నెలు, పింగాణీ సామాను ఊళ్లోకి చేరి కుండల పని తగ్గిపోయింది. మన కుమ్మరి వీధుల్లో జరిగిందే అది. 1907 ప్రాంతంలో ఎడ్గర్ హ్యూయిట్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ దగ్గర్లో పాత ఊళ్ల శిథిలాలు తవ్వించి, దొరికిన పెంకులు చూపించి ఇలాంటివి చెయ్యగలవా అని ఆవిడని అడిగాడు. ఆవిడా, భర్త జూలియనూ ఏళ్ల తరబడి ప్రయత్నించారు. కాలుతున్న కుండల మీద ఎండిన పేడ పొడి కప్పేసి మంటకి గాలి అందకుండా చేస్తే ఎర్రమట్టి కుండ నల్లగా దిగుతుంది. పొగ పట్టించి నల్లకుండ కాల్చడం మన కుమ్మరులకూ తెలిసిన విద్యే, కానీ వీళ్లు 1920 నాటికి నిగనిగలాడే నలుపు మీద మెరుపు లేని నలుపుతో బొమ్మ తేవడం సాధించారు. ఆ కుండల కోసం ప్రపంచమంతా వచ్చింది. ఆవిడ ఆ విద్యని దాచుకోలేదు, ఊళ్లో అడిగినవాళ్లందరికీ నేర్పింది. కొనేవాళ్లు పేరు చూసి ఎక్కువ డబ్బిస్తున్నారని తెలిశాక పక్కింటివాళ్లు చేసిన కుండల మీద కూడా తన పేరే పెట్టిందని చెబుతారు, వాళ్లకీ నాలుగు డబ్బులు రావాలని.

ఇంకో సంగతి. 1964లో కోచిటీ ప్యూబ్లోకి చెందిన హెలెన్ కోర్డెరో కథలు చెప్పే తన తాతని గుర్తు చేసుకుని, ఒంటినిండా మనవలు ఎక్కి కూర్చున్న తాత బొమ్మ మట్టితో చేసింది. నోరు తెరిచి కథ చెబుతూ ఉంటాడు తాత. ఇప్పుడు చాలా ప్యూబ్లోల్లో ఆ బొమ్మ చేస్తారు. పాత కళ అంటే తాతలనాటిది తు.చ. తప్పకుండా దింపుతూ కూర్చోవాలని మన అధికారులు కొందరు అనుకుంటారు, ట్రైనింగు పెట్టి ఒకే నమూనా యాభైమందితో వేయిస్తారు. గోడ మీద విమానం గీసుకున్న సవర తాతకి ఆ సంగతి వీళ్లకన్నా బాగా తెలుసు.

మరి నకిలీల మాటేమిటి? అక్కడా ఉన్నాయి, మనకన్నా ఎక్కువే ఉన్నాయేమో. కానీ 1990లో వాళ్లకి ఒక చట్టం వచ్చింది. ఆదివాసీ చెయ్యని వస్తువుని ఆదివాసీ చేసిందని చెప్పి అమ్మితే మొదటిసారికే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు. 2018లో నేను ఉండి వచ్చిన ఆ అల్బుకర్కీలోనే ఫిలిప్పీన్స్‌లో చేయించిన నగలని ఆదివాసీ నగలని అమ్మిన వ్యాపారికి ఆరు నెలల జైలు పడింది. మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. 1999 నాటి జిఐ చట్టంలో తప్పుడు గుర్తింపుతో అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని రాసే ఉంది. నలభై ప్రింట్లు ఆ కాంట్రాక్టరు పట్టపగలు నా షాపు ముందు వ్యానులో ఎక్కించుకుని వెళ్లాడు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. జిఐ వచ్చినంత మాత్రాన సవర చిత్రకారుడు ఆ గుర్తు తన బొమ్మ మీద వేసుకోలేడు. ఆ వస్తువు తయారుచేసేవాడిగా విడిగా దరఖాస్తు పెట్టి పేరు నమోదు చేయించుకుంటేనే ఆ హక్కు వస్తుంది. నా షాపుకి వచ్చే సవర కుర్రాళ్లలో ఒక్కడి దగ్గర కూడా ఆ కాగితం నేను చూడలేదు. జిఐ అంటే ఏంటని నన్నే అడుగుతారు. దరఖాస్తు ఇంగ్లీషులో, వీళ్ల మాట సవర, బళ్లో చదివింది ఒడియా, సంతలో మాతో మాట్లాడేది తెలుగు. పుట్టాసింగిలో, సెరంగోలో అధికారులు రెండు రోజులు కూర్చుని గీసే చేతులు ఉన్న ప్రతి ఇంటి పేరూ రాసుకుంటే అయిపోయే పని ఇది.

అమ్మేది ఒకటి, అమ్మనిది ఒకటి, ఈ తేడా కూడా ప్యూబ్లోల దగ్గర చూశాను. టావోస్ అని ఒక ప్యూబ్లో ఉంది, ఐదు అంతస్తుల దాకా లేచిన మట్టి ఇళ్లు, దాదాపు వెయ్యేళ్లుగా మనుషులు ఉంటున్న చోటు, 1992 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. పాత గోడల లోపల ఇప్పటికీ కరెంటు లేదు, కుళాయి లేదు, నీళ్లు ఊరి మధ్య పారే వాగులోంచే. టికెట్టు కొని లోపలికి వెళ్తాం, ఇళ్లలోనే చిన్న చిన్న దుకాణాలు, మట్టి పొయ్యిల్లో కాల్చిన రొట్టె అమ్ముతారు. కానీ మనుషుల ఫోటో అడక్కుండా తియ్యకూడదు. పండగ రోజుల్లో కెమెరా అసలు బయటికి తియ్యనివ్వరు. చలికాలం చివర్లో కొన్ని వారాలు ఊరే మూసేస్తారు, వాళ్ల పూజలు వాళ్లు చేసుకోవడానికి. టూరిస్టు డబ్బు పోతుందని ఎవరూ బాధపడరు. మా సవర కుర్రాడు "మేమే తియ్యనిచ్చాం" అన్న మాట నాకు అక్కడ నిలబడి ఉన్నప్పుడు వినపడి ఉంటే ఎలా ఉండేదో. ఇంటి గోడ మీద దేవత కోసం వేసింది దేవతదే. గుడ్డ మీద, కాగితం మీద అమ్మడానికి వేసేది వేరు. ఆ గీత ఎక్కడ గియ్యాలో సవర ఊరి పెద్దలు చెప్పాలి, నేనో కలెక్టరుగారో చెప్పకూడదు.

ఆ టావోస్ వాగు పుట్టేది కొండ మీద బ్లూ లేక్ అనే చెరువులో, అది వాళ్లకి దేవుడి చోటు. 1906లో ప్రభుత్వం దాన్ని అడవిలో కలిపేసుకుంది. డబ్బిస్తామన్నా వద్దన్నారు, చెరువే కావాలన్నారు. 64 ఏళ్లు అడిగి అడిగి 1970లో 48,000 ఎకరాలు వెనక్కి తెచ్చుకున్నారు. నాకు అది చదువుతుంటే మన నియమగిరి కళ్ల ముందు కనపడింది. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంటే రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లు, ఒక్కటి కూడా తప్పకుండా, బాక్సైటు తవ్వొద్దన్నాయి. కొండ మిగిలింది కాబట్టే ఆ ఆడపిల్లలు కొండల వరస శాలువా మీద కుట్టుకుంటున్నారు. అన్ని చోట్లా అలా జరగలేదు. లగూనా అనే ప్యూబ్లోలో 1953 నుంచి 1982 దాకా యురేనియం తవ్వారు, ఉద్యోగాలు వచ్చాయి, తర్వాత గని మూతపడింది, గొయ్యి మిగిలింది, దాన్ని శుభ్రం చేసే గొడవ ఇప్పటికీ తీరలేదు.

ప్యూబ్లోలకి కాసినోలు ఉన్నాయి, ఆ డబ్బుతో నడుస్తుంది, మనకి అదెలా కుదురుతుంది అని మా అల్లుడే అన్నాడు. కొన్నింటికి ఉన్నాయి నిజమే, ఆదివాసీల భూముల్లో జూదం గురించి 1988లో వచ్చిన చట్టం తర్వాత హైవే పక్కన పెట్టుకున్నారు. జూదం డబ్బు నాకు నచ్చలేదు, అది మనకి వద్దు. కానీ కాసినోలు రాకముందే, 1922లోనే శాంటా ఫేలో ఏటా జరిగే ఆదివాసీ కళల సంత మొదలైంది. 1976లోనే 19 ప్యూబ్లోలూ కలిసి అల్బుకర్కీలో తమ సొంత సాంస్కృతిక కేంద్రం తెరుచుకున్నాయి. మ్యూజియం, దుకాణం, హోటలు, అన్నిటికీ యజమానులు ఆ 19 ఊళ్లే. అదీ ఎక్కడ కట్టుకున్నారు? ఒకప్పుడు ప్యూబ్లో పిల్లలని ఇళ్లనుంచి తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వని హాస్టలు బడి ఉండేదే, ఆ బడి భూమిలో.

సవర భాష గురించి మనం తలెత్తుకుని చెప్పుకోగలిగిన మాట ఒకటుంది. ఇక్కడికి దగ్గర్లోని పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని, ఆ భాషకి పుస్తకాలు, నిఘంటువు రాసి, సవర పిల్లలకి సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, దండలు వేస్తాం. ఆయన ఫోటోకి ఏటా ఫ్రేము నేనే మారుస్తాను. ఆ సభల్లో ఒక్కసారైనా సవరవాళ్లని పిలిచి కుర్చీ వేశామా?

నేను అడిగేది పెద్ద బిల్డింగు కాదు. గుణుపురం రైల్వే స్టేషను దగ్గరో, పర్లాకిమిడి సంత దగ్గరో ఒక రేకుల షెడ్డు చాలు. దాని మీద పెత్తనం పుట్టాసింగి, సెరంగో వైపు సవర గ్రామసభలది కావాలి, అమ్మేది గీసినవాళ్లో వాళ్ల ఇంటివాళ్లో అయి ఉండాలి, ప్రతి బొమ్మ వెనకా పేరూ ఊరూ ఉండాలి, మాలాంటి షాపులవాళ్లకి అందులో చోటు ఉండకూడదు. ఆంధ్రా వైపు సీతంపేట కొండల్లోనూ సవరలే ఉన్నారు, సరిహద్దు మనం గీసిందే, వాళ్లూ వచ్చి కూర్చోవచ్చో లేదో ఆ గ్రామసభలు తేల్చుకుంటాయి. మన వర్తక సంఘాలు చెయ్యగలిగింది చెయ్యాలి. పేరు లేని ప్రింటు కొనొద్దు, అమ్మొద్దు, నాలాంటివాళ్లు ఫ్రేము కట్టొద్దు. ఆ ఆర్డరు తర్వాత అలాంటివి రెండు వచ్చాయి, నేను వెనక్కి పంపేశాను.

షెడ్డు వచ్చేదాకా సంత రోజుల్లో నా షాపు ముందు వసారా ఖాళీ చేసి ఇస్తున్నాను. అద్దె లేదు, కమీషను లేదు. పోయిన సంతకి ముగ్గురు కూర్చున్నారు, ఒక ఆడమనిషి కూడా వచ్చింది. నాలుగు బొమ్మలు పోయాయి. ధర వాళ్లే చెప్పారు, బేరం వాళ్లే ఆడుకున్నారు.

చివరిగా మీకు ఒక మనవి. మీరు వేసిన ఆ వార్తతో పాటు పెద్ద రంగుల ఫోటో వేశారు, చాలా బాగుంది, కింద 'సవర చిత్రకళ' అని మాత్రమే ఉంది. మీ విలేకరిని సంత రోజున మా వసారాకి పంపండి. నాతో మాట్లాడాల్సిన పని లేదు, వాళ్లతో మాట్లాడమనండి. మళ్లీ ఫోటో వేసినప్పుడు కింద గీసినవాళ్ల పేరు, ఊరు అచ్చు వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుణుపురం, రాయగడ జిల్లా